గద్వాల పోయింది చీర కోసం కాదు

గద్వాల వెళ్లి చీర కొనకుండా తిరిగొచ్చిన ఆడమనిషిని మా వీధిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదట. బ్యాగు విప్పి చూపించమన్నారు. అందులో మట్టి కొట్టుకుపోయిన బూట్లు, వీపు మీద తొమ్మిదో నంబరున్న ఊదారంగు చొక్కా, మోకాలికి రాసుకునే మందు ఉన్నాయి. పక్కింటి సరోజ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా?" అంది. అంతే. అందులో ఏముందో అటు వైపు ఎప్పుడూ పోని వాళ్లకు, పోయినా చీరల దుకాణం దాటి పోని వాళ్లకు చెబుదామని కూర్చున్నాను.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. యాభైకి దగ్గరపడ్డాను. కొన్నేళ్ల కిందట పొద్దున నడకకు పోయే మైదానంలో కొందరు కుర్రవాళ్లు పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటుంటే నిలబడి చూశాను. మర్నాడు నేనూ పట్టాను. ఆ ఆట పేరు అల్టిమేట్ ఫ్రిస్బీ. జట్టుకు ఏడుగురు. డిస్క్ చేతిలో ఉన్న మనిషి పరిగెత్తకూడదు, తోటివాళ్లకు విసరాలి. అలా విసురుకుంటూ పోయి అవతలి చివర ఉన్న పట్టీలో పట్టుకుంటే పాయింటు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. వదిలించుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

తర్వాత ఆ కుర్రవాళ్లు ఉద్యోగాల కోసం తలో దిక్కు వెళ్లిపోయారు. నేనూ, ఒక డిస్కూ మిగిలాం. గోడకు విసిరి ఏరుకోవడం ఆట కాదు గదా. ఒక్కసారైనా గీతలు గీసిన మైదానంలో, ఎదుటి జట్టు మీద, అందరిలో ఒకదాన్నిగా మ్యాచి ఆడాలని మనసులో గట్టిగా పడిపోయింది. అప్పుడే ఈ ఆట ఆడేవాళ్ల ఫోను గ్రూపులో గద్వాల క్లబ్బు కెప్టెన్ నస్రీన్ సందేశం పెట్టింది. వనపర్తిలో ఒక మ్యాచి, నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో ఒక మ్యాచి ఉన్నాయి, మైదానంలో ముగ్గురు ఆడవాళ్లు ఉండి తీరాలి, ఒకరు తక్కువయ్యారు, ఎవరైనా వస్తారా అని.

ఫోను చేశాను. నా వయసు చెప్పాక, ఎన్నాళ్లుగా ఆడుతున్నారని అడిగింది. తర్వాత, "సరే మేడం, రండి" అంది. పళ్లెం విసరడానికి మన జిల్లాలో చోటు లేదా అని మా ఆయన అడిగాడు. చోటుంది, ఆడేవాళ్లే లేరన్నాను.

గద్వాల

బస్టాండు బయట ఆటో ఎక్కబోతుంటే డ్రైవరు అడగకుండానే, "చీరల దుకాణానికే గదమ్మా?" అన్నాడు.

"కాదు. గ్రౌండుకు."

"గ్రౌండ్ల ఏమున్నది?"

"ఆట ఉంది."

"ఎవరాడ్తుండ్రు?"

"నేనే."

అద్దంలోంచి నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "తల్లె ఇసిరే ఆటనా? మా మేనల్లుడు గిట్ల ఆడ్తడు. కూసోండ్రి" అన్నాడు. అక్కడ పళ్లేన్ని తల్లె అంటారు. చీరల దుకాణానికైతే ముప్పై, గ్రౌండుకైతే యాభై. గ్రౌండు ఊరి చివరన ఉంది కాబట్టి నేను బేరం పెట్టలేదు.

నస్రీన్‌కు పాతికేళ్లు దాటి ఉంటాయి. బజారులో వాళ్ల నాయనకు ఇనుప సామాన్ల దుకాణం ఉంది, పగలు గల్లా మీద తనే కూర్చుంటుంది. తలకు గుడ్డ బిగించి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మైదానంలోకి దిగిందంటే ఎదుటివాడు దారి వదలాల్సిందే. ఆడవాళ్లు ఎందుకు తక్కువయ్యారని అడిగితే పక్కనే ఉన్న రాజును చూపించింది. రాజు విత్తనపత్తి వేసే రైతు, ఆ జట్టులో అందరికంటే దూరం విసిరేది అతనే.

"గీన చేన్లనే ఉన్నరు మా ఆడోళ్లు. క్రాసింగ్ నడుస్తుంది గద" అంది నస్రీన్.

గద్వాల చుట్టుపక్కల పత్తిని దూది కోసమే కాదు, విత్తనం కోసం కూడా పండిస్తారు. దానికి ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు చేత్తో అంటించాలి. సాయంత్రం మొగ్గలు గిల్లి సిద్ధం చేసుకోవడం, పొద్దున పుప్పొడి అద్దడం. దాన్నే క్రాసింగ్ అంటారు. ఆ రోజుల్లో చేలో చెయ్యి ఖాళీగా ఉన్న ఆడమనిషి దొరకదు. "నా చేన్ల పని ఒడువకపాయె, నా టీమ్ నేనే ఖరాబ్ చేసిన" అని రాజు నవ్వాడు. పని ఒడవడమంటే అక్కడ అయిపోవడం. మా సైన్సు పుస్తకంలో పరపరాగ సంపర్కం పాఠం ఏటా చెబుతాను. దాని వల్ల ఒక ఫ్రిస్బీ జట్టులో మనుషులు తక్కువవుతారని ఆ పాఠంలో లేదు.

ఆ సాయంత్రం ప్రాక్టీసు. క్లబ్బు ఊదారంగు చొక్కా, తొమ్మిదో నంబరుది, నాకిచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి అందరూ డిస్కును అమ్మవారికి హారతి ఇచ్చినట్టు విసరడం మొదలుపెట్టారు. నేను జారవిడిస్తే వాళ్లే, "సారీ మేడం" అన్నారు. నేనే వెళ్లి ఒకతన్ని గుద్దుకుంటే అతనే, "సారీ మేడం" అన్నాడు. నా తప్పులన్నిటికీ గద్వాల వాళ్లు క్షమాపణ చెప్పేశారు. కొత్త కదా, రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాను.

రాత్రి భోజనం నస్రీన్ వాళ్ల ఇంట్లోనే. మా వైపు చుట్టం వస్తే ముందు అన్నం వండుతారు. ఇక్కడ వాళ్ల అమ్మీ జొన్నరొట్టెలు వేడివేడిగా తట్టి వేస్తూనే ఉంది, పక్కన పల్లీల పొడి, వాళ్లు గోకరకాయ అనే గోరుచిక్కుడు కూర. చాలంటే వినదు. "చీర తీస్కున్నవా బిడ్డా?" అని అడిగింది. లేదంటే రొట్టె మీద రొట్టె వేసి, "రేపు నేను తీస్కపోత. మోసం లేని దుకాణం" అంది. రేపు వనపర్తిలో మ్యాచి ఉందమ్మా అంటే కూతురి వైపు తిరిగి, "ఈమెను గూడ పరేషాన్ చేస్తున్నవా?" అని కోప్పడింది.

బీచుపల్లి

పొద్దున బొరుగులతో చేసిన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని అద్దె జీపులో బయల్దేరాం. ఉప్మా ఇడ్లీల మీద పెరిగిన నా నోటికి ఆ బజ్జీ కొంచెం గట్టిగానే తగిలింది. బీచుపల్లి వచ్చేదాకా నీళ్లు తాగుతూనే ఉన్నాను.

కృష్ణ పక్కన ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగాం. రాజు కొబ్బరికాయ కొట్టడానికి లోపలికి వెళ్లాడు. నస్రీన్ జీపు దగ్గరే నిలబడి, క్లబ్బు పెట్టినప్పటి నుంచి బయటి ఊళ్లో ఒక్క మ్యాచి కూడా గెలవలేదని చెప్పింది. "ఇంట్ల ఓడుడు, బయట ఓడుడు. గీ రెండిట్ల ఒక్కటన్న గెలవాలె మేడం. లేకుంటే సగం మంది ఇడిసిపెడ్తరు" అంది. నవ్వుతూ చెప్పలేదు. నేను ఆడటానికి వచ్చాను, ఆ పిల్ల తన క్లబ్బును నిలబెట్టుకోవడానికి తిరుగుతోంది. మూడో ఆడమనిషి చోటు నింపితే సరిపోదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతలో ఒక కోతి జీపు కిటికీలోంచి డిస్కు తీసుకుని గోడెక్కింది. పళ్లెం అనుకుంది పాపం. తిరగేసి చూసింది, నాకింది, అంచు కొరికింది. రాజు గుళ్లోంచి వచ్చి కొబ్బరి ముక్క చూపించి బేరం కుదిర్చాడు. ఆ కోతి పళ్ల గాట్లతోనే రెండు మ్యాచులూ ఆడాం.

వనపర్తి

జీపు దిగుతూనే నా కుడికాలి బూటు అడుగు ఊడింది. ఎన్నాళ్లుగానో జిగురు మీద బతుకుతున్న బూటు అది. చెప్పుల దుకాణంలో పెద్దాయన మేకుల అడుగున్న బూట్లు చూపిస్తూ, "కొడుక్కా అమ్మా?" అన్నాడు.

"నాకే."

"మీకా? ఎందుకు?"

"ఉరకడానికి."

ఆయన టోపీ సర్దుకుని, గడ్డం నిమురుకుని, ఒక జత తీసి తనే దుమ్ము తుడిచి నా ముందు పెట్టాడు. "నా దుకాణంల ఏ అమ్మ గూడ గిసుంటియి అడగలే. జర లేసు గట్టిగ కట్టుకోండ్రి" అని, అడగకుండానే యాభై రూపాయలు తగ్గించాడు. ఆ బూట్లే ఈ బ్యాగులో ఉన్నవి.

ఇక మ్యాచి. ఈ ఆటలో అంపైరు ఉండడు. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లే "ఫౌల్" అని అరవాలి. ఎదుటివాళ్లు అవునంటే అవును. కాదంటే డిస్కు మళ్లీ విసిరినవాళ్ల చేతికి పోతుంది. ఆటంతా ఒకరి మాట మీద ఇంకొకరికి ఉన్న నమ్మకం మీద నడుస్తుంది. నాకు ఈ ఆట నచ్చింది అందుకే. వనపర్తిలో నా కొంప ముంచిందీ అదే.

నన్ను కాపలా కాయాల్సిన అమ్మాయి నాకు మూడు బారల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది. "మేడం, ఏ క్లాసోళ్లకు చెప్తరు?" అని అడిగింది. నేను ఖాళీగా ఉన్నా మా వాళ్లు నాకు విసరలేదు. విసిరితే కింద పడిపోతానని వాళ్ల భయం. ఒకసారి నేనే వెళ్లి వనపర్తి కుర్రాడి మీద పడ్డాను, అతని చేతిలోకి రావాల్సిన డిస్కు కింద పడింది. శుద్ధ ఫౌల్. అతను లేచి, మోచేయి దులుపుకుని, "పర్లేదు మేడం. మీకు దెబ్బ తాకలే గద?" అన్నాడు.

"ఫౌల్ అనవయ్యా!" అన్నాను.

"అయ్యో, పెద్దోళ్లను గట్లెట్ల అంట మేడం?"

నా ఒళ్లు మండిపోయింది. అంపైరు లేని ఆటలో నా తప్పు చెప్పడానికి ఒక్కరికీ నోరు రాకపోతే నేను ఆడుతున్నట్టా, ఆటలో పెట్టిన దేవుడి పటాన్నా? ఇక నేనే నా మీద ఫౌల్ చెప్పుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకా మండింది.

మ్యాచి ఓడాం. మైదానంలో ఏడుగురమే గానీ ఆడింది ఆరుగురు. ఎవరూ ఆ మాట అనలేదు.

టీ బండి దగ్గర నస్రీన్‌ను పక్కకు పిలిచి, "నన్ను మేడం అనకండి" అన్నాను.

"మరి ఏమనాలె? అక్క అనాల్నా?"

"పేరు పెట్టి పిలవండి. సుగుణ."

"అమ్మో! మా అమ్మీకి తెలిస్తే చెప్పు తీస్తది."

"మరి నేను ఖాళీగా ఉన్నానని ఎలా అరుస్తారు? మేడం గారూ, దయచేసి పరిగెత్తండి అనేసరికి డిస్కు కింద పడుతుంది."

పక్కన బజ్జీ తింటున్న రాజుకు పొలమారింది. నస్రీన్ నవ్వలేదు. గ్లాసు పట్టుకుని ఆలోచించి, "మీ చొక్కా నంబరు తొమ్మిది. రేపు గ్రౌండ్ల తొమ్మిది అంట. గ్రౌండు బైట మేడం. ఒప్పుకుంటరా?" అంది. ఒప్పుకున్నాను. "ఇంకోటి. నా మీదికి గట్టిగా విసరండి. పట్టలేకపోతే తిట్టండి" అన్నాను. "తిట్టుడు గూడనా?" అని దిగులుగా టీ తాగేసింది.

కోడేరు

కోడేరు మైదానానికి గీతలు సున్నంతో కాదు, ముగ్గుపిండితో వేశారు. ఆ జట్టు ఆడపిల్లలే పొద్దున్నే వేశారట. చెయ్యి ఊరుకోలేదేమో, నాలుగు మూలలా చిన్న చిన్న తామరపూలు కూడా పెట్టారు. తొక్కాలంటే నాకు మనసొప్పలేదు. ఆట మొదలయ్యాక అందరం తొక్కేశాం.

చేల పనికి పోయేవాళ్లు పోగా మిగిలిన ఊరు మైదానం చుట్టూ చేరింది. నన్ను కాపలా కాసేది అనిత. రైతుల పిల్ల, డిగ్రీ చదువుతోంది, పొద్దున పల్లీ చేనులో కలుపు తీసి వచ్చానని చెప్పింది. "పెద్దమ్మా, నువ్వు గూడ ఆడ్తవా?" అంది. ఆడతానన్నాను. "అయితే జర జాగ్రత్త" అని మోచేతి దూరంలోకి వచ్చి నిలబడింది. ఎటు కదిలితే అటు కదిలింది. నాకు ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"తొమ్మిది! ఉర్కు!" అని నస్రీన్ అరిచింది. నేను పరిగెత్తాను. మొదటిది జారిపోయింది. "తొమ్మిది, సూపు డిస్కు మీద పెట్టు!" అంది. రెండోది పట్టాను. దాన్ని రాజుకు విసిరాను, రాజు పాయింటు వేశాడు. అరచెయ్యి మంట పుట్టింది. అంత గట్టిగా నా మీదికి ఎవరూ ఎప్పుడూ విసరలేదు. ఆ తర్వాత ఊపిరి ఆడక ఒంగిపోయినా పక్కకు మాత్రం రాలేదు. మూడో ఆడమనిషిని నేనే, నేను తప్పుకుంటే ఆట ఆగిపోతుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, పాయింట్లు సమానమయ్యాయి. ఇక ఎవరు ముందు వేస్తే వాళ్లదే మ్యాచి.

నస్రీన్ మైదానం మధ్య నుంచి పొడుగ్గా విసిరింది. డిస్కు గాలిలో తేలుతూ చివరి పట్టీ మీదికి వస్తోంది. నేనూ అనితా ఒక్కసారే ఎగిరాం. కోతి కొరికిన అంచు నా వేళ్లకు తగిలింది. పట్టాను. కింద పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, డిస్కు మాత్రం వదల్లేదు. గద్వాల వాళ్లంతా కేకలు వేస్తూ పరిగెత్తుకొస్తున్నారు. నస్రీన్ ఏడుస్తోంది.

"ఫౌల్!"

అనిత. మట్టిలో కూర్చుని ఉంది. "పెద్దమ్మ నన్ను నూకింది" అంది.

అందరూ ఆగిపోయారు. గట్టు మీద నుంచి ఒక పెద్దమనిషి, "ఏందే అనితా! ఊరికొచ్చిన పెద్దామెను గట్లంటవా? పోనియ్యి!" అని కసిరాడు. ఇంకొకామె, "ఒక్క పాయింటు కాడ ఏం పోతది?" అంది. కోడేరు కెప్టెన్ శ్రీను కూడా, "పోనీ తియ్ అనితా" అన్నాడు. వాళ్ల మ్యాచి వాళ్లే మర్యాద కోసం వదిలేస్తున్నారు. అనిత మొహం ఎర్రబడింది. తల దించుకుని, "సరే తియ్, నాకే సక్కగ తెల్వదు" అని గొణిగింది.

ఎగిరేటప్పుడు నా ఎడమ చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఉంది. ఊతం తీసుకునే ఎగిరాను. చేతికి గుర్తుంది. ఊరుకుంటే మ్యాచి మాదే, కాదన్నా డిస్కు మళ్లీ నస్రీన్ చేతికే పోయేది, ఇంకో అవకాశం ఉండేది. అవునంటే డిస్కు కోడేరుకు. నస్రీన్ నా వైపే చూస్తోంది. ఆ పిల్ల కళ్లల్లోకి చూడటం ఎంత కష్టమైందో చెప్పలేను.

"మాట మార్చకు!" అని అనిత మీద అరిచాను. "ఫౌల్ అన్నావా లేదా?"

బెదిరిపోయి, "అన్న" అంది.

"మరి ఫౌలే. నూకాను."

డిస్కు తీసుకెళ్లి దాని చేతిలో పెట్టాను. నాలుగు విసుర్లలో కోడేరు వాళ్లు పాయింటు వేశారు. ఆఖరిది పట్టింది అనితే, నా ముందే, నేను ఎంత పరిగెత్తినా అందకుండా. మ్యాచి ఓడాం.

ఆట అయ్యాక రెండు జట్లూ భుజాల మీద చేతులు వేసుకుని ఒకే వలయంగా నిలబడి మాట్లాడుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. అనిత వచ్చి నా పక్కనే నిలబడింది. దాని వంతు వచ్చినప్పుడు, "పెద్దమ్మ మస్తు నూకుతది" అని మాత్రం అంది. అందరూ నవ్వారు, నస్రీన్ తప్ప.

మళ్లీ గద్వాల

జీపులో నస్రీన్ ముందు సీటులోకి మారింది. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. రాజు నన్ను ఓదార్చాలని వనపర్తిలో కొన్న పల్లీపట్టీ ముక్కలు ఒకటొకటి ఇస్తూ వచ్చాడు. నాకు ఓదార్పు అక్కర్లేదు, కానీ పల్లీపట్టీ బాగుంది. నస్రీన్ గెలుపు నా చెయ్యి వల్ల పోయిందన్న బాధ మాత్రం పోలేదు.

గద్వాల బస్టాండులో దిగాం. నా బస్సు కదలడానికి ఇంకా టైముంది. బ్యాగు అందిస్తూ నస్రీన్ ఇక ఆపుకోలేకపోయింది.

"అసల్ చెయ్యి ఎందుకు పెట్టినవ్? నీకు ఎగురుడు రాదా? డిస్కు నీ నెత్తి మీదికే ఇసిరిన గద! చెయ్యి పెట్టకున్నా అందుతుండె!"

రాజు కంగారుపడి, "నస్రీన్, ఏందది? పెద్దామెను గట్లనా?" అన్నాడు.

"పెద్దామె ఎవరు? తొమ్మిదో నంబరు!" అంది నస్రీన్. కళ్లు తుడుచుకుని, "రెండు కాళ్ల మీద సీదా ఎగురుడు నేర్సుకోని రా. చేతులు కిందికే ఉండాలె. క్రాసింగ్ ఒడిసినంక మళ్ల కోడేరు పోదం" అంది.

బడిలో ఎన్నో సన్మానాలు చూశాను, శాలువాలు కప్పించుకున్నాను. ఆ తిట్లు తిన్నంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. బస్సెక్కి కూర్చున్నాక కూడా నవ్వు ఆగలేదు. పక్క సీటు ఆవిడ నా మోకాలి మీద ఎండిన రక్తం చూసి, "పడ్డవా అమ్మా? చీరల దుకాణం మెట్ల మీదనా?" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున ఖమ్మం మైదానంలో రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఎగురుతున్నాను. నడకకు వచ్చేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఈవిడకేమైందని మా ఆయన్నే అడుగుతున్నారట. సరోజ మాత్రం రోజూ గోడ మీద నుంచి అదే అడుగుతుంది, గద్వాల చీర ఎప్పుడు కొంటావని.

కొంటాను. ముందు కోడేరు మీద గెలవాలి.